వానొస్తే ఆగిపోయే తోట

"నా తోట ఎండిపోతుందేమోనే అమ్మలూ. నా సంగతి సరే, అది ఎండిపోతుందనే భయంగా ఉంది."

పిన్ని ఈ మాట అన్నప్పుడు ఆమె మంచం చుట్టుపక్కల ఒక్క మొక్క కూడా లేదు. మందుల సీసాలు, తడిగుడ్డ, కిటికీ అవతల ఎదురింటి గోడ, అంతే. ఆమె తోట ఉన్నది కింది అంతస్తులో, బాబాయి దుకాణం మూలనున్న పాత కంప్యూటర్‌లో. అదొక ఆట. విత్తనం నాటాలి, నీళ్లు పొయ్యాలి, పురుగు పడితే ఏరెయ్యాలి. చాలా రోజులు ఎవరూ అటు తొంగిచూడకపోతే మొక్కలు వాడిపోతాయి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పిన్ని కిందికి దిగి, ఆ కుర్చీలో కూర్చుని తన తోటపని చూసుకునేది. జబ్బు వెన్నులోకి పాకాక ముందు మెట్లు మానేసింది, తర్వాత కుర్చీ మానేసింది. ఎడమ చెయ్యి లేవడం లేదు. కుడి చెయ్యి మాత్రం ఇంకా చెప్పిన మాట వింటోంది.

అమ్మలు ఆమె బావగారి కూతురు. ఊరికి సరఫరా అయ్యే నీళ్లను పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. భయపడటం ఆమె ఉద్యోగం కాదు గాని, ఉద్యోగం కంటే ఎక్కువ సేపు చేసేది అదే. మూడేళ్ల కొడుక్కి చల్లగాలి తగిలితే పిల్లికూతలు వస్తాయి. ఛాతీ పూర్తిగా బాగయ్యాకే బడికి పంపాలని, అప్పుడే పార్కుకి తీసుకెళ్లాలని, అప్పుడే ఇతర పిల్లలతో కలవనివ్వాలని ఆమె లెక్క. సాయంత్రం వాణ్ణి చంకనేసుకుని పిన్నిని చూడటానికి వచ్చేది. వచ్చీరాగానే కిటికీలు మూసేది.

"ఊపిరాడనివ్వవే తల్లీ, నాక్కాకపోతే వాడికైనా," అనేది పిన్ని.

బాబాయిని ఆ వీధిలో అందరూ 'సర్దుబాటు' అంటారు. మొదట్లో టైపు మిషన్లు బాగుచేసేవాడు. వాటి కాలం అయిపోయాక కంప్యూటర్ల మీద పడ్డాడు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మొయ్యలేక మూలనపడ్డ కంప్యూటర్లు ఆయన దగ్గరకి వచ్చేవి. ఆయన వాటిలో ఉచితంగా దొరికే వేరే సిస్టమ్ పెట్టి, మళ్లీ ప్రాణం పోసి పంపేవాడు. వారం తిరక్కుండా తీసుకెళ్లినవాళ్లే వెనక్కి వచ్చేవాళ్లు, "అంతా బాగానే ఉంది గాని మా వాడి ఆట నడవట్లేదు బాబాయ్" అని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, డబ్బుపెట్టి కొన్న ఆటే, సొంత కంప్యూటరే, కానీ రెంటికీ పొసగదు.

"ఆట ఒక భాషలో అడుగుతుంది. ఈ మిషన్‌కి ఆ భాష రాదు," అని అమ్మలుకి ఒకసారి చెప్పాడు. "మధ్యలో దుబాసీని కూర్చోబెట్టాలి. దుబాసీ మంచివాడే గాని, ఒక్కోసారి మాట మింగేస్తాడు. అప్పుడు నాలాంటోడు వెళ్లి గొంతులోంచి లాగాలి."

చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్న మిషన్లు వచ్చాక ఆ పని ఇంకా పెరిగింది. వాటిలో చాలావాటికి లోపలున్నదీ వేరే సిస్టమే. మౌస్‌తో ఆడే ఆటని నాలుగు బొత్తాల్లోకి కుదించాలి, పెద్ద తెర మీది అక్షరాలు అరచేతిలో కనపడాలి. ఏ ఆట ఎంతవరకు నడుస్తుందో ఆయన గోడకున్న పలక మీద సుద్దతో రాసేవాడు. నాలుగే మాటలు: నడవదు, కుంటుతుంది, నడుస్తుంది, పరిగెడుతుంది. ఎక్కడెక్కడి వాళ్లో ఇలాగే పరీక్షించి రాసుకునే వెబ్‌సైట్ ఒకటుంది. అందులోనూ రాసేవాడు.

దుకాణానికి ఒక నియమం ఉంది. పరిగెడితే తప్ప మిషన్ గడప దాటదు. ఎవరు బతిమాలినా అంతే. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

"బాబాయ్, ఇచ్చేస్తే మా పిల్లాడు ఆడుకుంటాడయ్యా. నువ్విచ్చేసరికి వాడికి మీసాలొచ్చేలా ఉన్నాయి," అన్నాడు పక్క సందు దర్జీ ఒకరోజు.

"మీసాలకి ఆట అడ్డమా? కుట్టు సగంలో ఉండగా చొక్కా ఇస్తావా నువ్వు?"

"అడిగితే ఇస్తా. చలికి సగం చొక్కా అయినా చొక్కాయే."

బాబాయి నవ్వాడు గాని మిషన్ ఇవ్వలేదు.

ఇన్ని ఆటలు నడిపించిన మనిషి ఒక్కటీ ఆడలేదు. ఆట తెరుచుకుందా, బొమ్మ కదిలిందా, శబ్దం వచ్చిందా, అవే చూసేవాడు. పిన్ని తోటలో గుమ్మడి కాసిందని పిలిస్తే వచ్చి, "రంగులు సరిగానే ఉన్నాయి" అని వెళ్లేవాడు.

తోట ఎండిపోతుందని పిన్ని అన్న మాట అమ్మలు కిందికెళ్లి చెప్పింది. బాబాయి మర్నాడే ఎక్కణ్ణుంచో ఒక చేతి మిషన్ సంపాదించాడు. పాత కంప్యూటర్‌లోని తోటని, గుమ్మడి పాదుతో సహా, దానిలోకి మార్చాడు. ఇక్కడిదాకా సులువే. అసలు పని ఆ తర్వాత మొదలైంది. అక్షరాల చోట ఖాళీ గళ్లు వచ్చాయి. శబ్దం రేకు మీద చింతగింజలు పోసినట్టు వచ్చింది. పైగా, ఎడమ వైపు బొత్తాలు చేసే పనులన్నీ కుడి వైపుకి తేవాలి. ఆయన వాటిని ఒక్కొక్కటే పట్టుకున్నాడు. తిండి దుకాణంలోనే. పైకి వెళ్లేది మందులివ్వడానికి, పక్క మార్చడానికి.

ఒకరోజు ఏదో తీగ కొనడానికి బాబాయి బయటికెళ్లాడు. పిన్ని కళ్లతోనే సైగ చేసింది. "వెళ్లి పట్రావే. దొంగతనం కాదులే, నా తోటేగా."

అమ్మలు తెచ్చి, ఆమె గుండెల మీద దిండు పెట్టి, దాని మీద మిషన్ నిలబెట్టింది. గళ్లే గళ్లు, ఒక్క అక్షరం లేదు. పిన్నికి అక్షరాలు అక్కర్లేకపోయాయి. ఏ గడి వెనక ఏముందో ఆమెకి కంఠతా వచ్చు. బొటనవేలు తడబడుతూ వెళ్లి నీళ్ల డబ్బా పట్టుకుంది. వంగ మొక్కలు వాలిపోయి ఉన్నాయి.

"చూశావా, ఎలా మొహాలు వేలాడేసుకున్నారో. అలిగారు నా మీద," అంది పిన్ని. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో కాస్త పొగరు వినిపించింది. పిల్లవాడు మంచమెక్కి ఆమె భుజం పక్కన తల పెట్టి చూస్తున్నాడు. వాణ్ణి దింపాలని అమ్మలుకి తోచలేదు.

ఇంతలో తోటలో మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడ్డాయి. అంతే, బొమ్మ బిగుసుకుపోయింది. చినుకులు గాలిలో ఆగిపోయాయి.

అదే సమయానికి బాబాయి వచ్చాడు. కోప్పడలేదు. మిషన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశాడు.

"వానొస్తే ఆగిపోతోంది. నాకు తెలుసు. రెండ్రోజులాగు, సరిచేసి ఇస్తా."

"ఆగితే ఆగనివ్వండి. వానొస్తే నేను నీళ్లు పొయ్యక్కర్లేదుగా," అంది పిన్ని.

"మాటిమాటికీ ఆపి మళ్లీ తెరవాలి. నీకు విసుగు."

"విసుగ్గా ఉంటే మీరు తెరిచి పెడుదురుగాని. ఇక్కడే కూర్చోండి."

"ఇక్కడ కూర్చుంటే అది ఎవరు బాగుచేస్తారు?" అని ఆయన మెట్లు దిగిపోయాడు.

పిన్ని పిల్లవాడి తల నిమిరింది. "మీ బాబాయి పొద్దస్తమానం నా కోసమే కష్టపడుతున్నాడే. నా దగ్గర మాత్రం ఉండడు," అంది. అమ్మలు ఏదో సర్దిచెప్పబోయింది. పిన్ని వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

రెండ్రోజులు వారమైంది. వాన దాదాపు సర్దుకుంటున్న వేళకి మిషన్ లోపలి సిస్టమ్ తనంతట తాను కొత్త అప్‌డేట్ వేసుకుని, సరిచేసినవన్నీ మళ్లీ చెరిపేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పైన పిన్ని మాటలు తగ్గిపోయాయి. నొప్పి మందు మోతాదు పెరిగింది. మెలకువగా ఉన్నప్పుడు, "వాన పడిందా?" అని అడిగేది. ఎవరైనా జవాబు చెప్పేలోపే కళ్లు మూతపడేవి.

తోటలో వాన ఆగకుండా పడిన రోజున బాబాయి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. పలక మీద 'పరిగెడుతుంది' అని రాసే వచ్చాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వాన చప్పుడు నిజం వానలా ఉంది. మిషన్ని పిన్ని కుడి చేతి కింద పెట్టి, "ఏమోయ్, చూడు," అన్నాడు. పిన్ని ఊపిరి బరువుగా తీస్తోంది. ఆయన ఆమె బొటనవేలు పట్టుకుని బొత్తం మీద పెట్టాడు. అది జారిపోయింది. మళ్లీ పెట్టాడు.

"పడుకోనీ బాబాయ్," అంది అమ్మలు.

"అవును, లేచాక చూస్తుందిలే," అన్నాడాయన. అక్కడే కూర్చున్నాడు. ఈసారి కిందికి పోవలసిన పనేమీ లేదు. ఆమె మళ్లీ లేవలేదు.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మలు దుకాణంలోకి వచ్చింది. బాబాయి పిన్ని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో మిషన్.

"ఇందులో నీళ్ల డబ్బా ఎక్కడుంటుందే?" అని అడిగాడు.

ఆమె చూపించింది. ఆయన బొటనవేలు మొరటుగా వెళ్లి, వంగ మొక్క మీద పొయ్యాల్సిన నీళ్లు దారి మీద పోసింది.

"ఇది ఏం మొక్క?"

"వంగ."

"ఇది?"

"అది కలుపు, బాబాయ్. పీకెయ్యాలి."

"ఇన్నాళ్లూ నేను చేసిందీ కలుపుకి నీళ్లు పొయ్యడమేనన్నమాట," అన్నాడు. నవ్వబోయి మానేశాడు. తోటలో మబ్బు కమ్మింది. వాన మొదలైంది, ఎక్కడా తట్టుకోకుండా, ధారగా. ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు. "బాగా పడుతోంది కదూ," అన్నాడు కాసేపటికి. ఆయన గడ్డం మీదికి జారిన నీటిని తుడుచుకోలేదు.

ఆ తర్వాత దుకాణం నియమం మారింది. దర్జీకి మిషన్ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇంకా కుంటుతోందిగా," అన్నాడు దర్జీ, అనుమానంగా. "కుంటుతుంది. పడితే నా దగ్గరకి తీసుకురా, ఆడుతూ ఆడుతూనే సరిచేద్దాం," అన్నాడు బాబాయి.

పనులు తగ్గిన ఒక సాయంత్రం, చంకలో బిడ్డతో వచ్చి కిటికీ మూయబోతున్న అమ్మలుని ఆయన ఆపాడు.

"వీణ్ణి బడికెప్పుడు పంపుతావు?"

"ఛాతీ పూర్తిగా బాగవ్వనీ బాబాయ్."

"పూర్తిగా అనే మాట నా మాట. నా దగ్గర్నుంచి నేర్చుకోకు," అన్నాడు. "డాక్టరు పంపొద్దన్నాడా?"

"లేదు. మందు వెంట ఉంటే చాలన్నాడు. నాకే..."

"అయితే పంపు. ఏదైనా బాగయ్యేదాకా దాచిపెట్టకు, అమ్మలూ. కుంటుతుండగానే చేతికిచ్చెయ్యి. ఇచ్చేసి పక్కన కూర్చో."

ఇప్పుడు పిల్లవాడు బడికి వెళ్తున్నాడు. సంచీలో పీల్చే మందు ఉంటుంది. సాయంత్రం పార్కులో వాడు ఆయాసపడేదాకా పరిగెడతాడు. అమ్మలుకి భయం పోలేదు. దాన్ని వెంటబెట్టుకునే వెళ్లి, వాడికి అందేంత దూరంలో నేల మీద కూర్చుంటుంది.