చేతికేమన్నా అయితే

చిత్తూరు సంగీతోత్సవంలో వర్క్‌షాపూ, కళాకారులతో ఇంటర్వ్యూలూ మా మృదంగం అయ్యవారి బాధ్యతే. ఆ ఏడు ఆయన మృదంగం ముట్టకుండా, పాఠమంతా నోటి జతులతోనే నడిపారు. పిల్లలు అదేదో కొత్త పద్ధతనుకున్నారు. కుడిచేతి వేళ్లు మాట వినడం లేదని నాకొక్కడికే తెలుసు. డాక్టరు దగ్గరికి పోదామంటే ఒప్పుకోలేదు.

"పోతే దానికొక పేరు పెడతాడప్పా. పెట్టేదాకా ఇది ఉత్త తిమ్మిరే కదా."

సాయంత్రం వేదిక మీద నేనూ ఆయన పక్కనే కూర్చున్నాను. మద్రాసు నుంచి వచ్చిన మృదంగ విద్వాంసుణ్ణి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "సామీ, రేపు మీ చేతికేమన్నా అయితే ఏం చేస్తారు?"

"ఏముంది సార్, మీ మాదిరి ఇంటర్వ్యూలు చేసుకుంటా."

సభంతా నవ్వింది. అయ్యవారూ నవ్వారు. రెండో ప్రశ్న నేనే అడగాల్సి వచ్చింది.