సామేలు మామ కుడికాలు

విరుదునగర్‌లో మా మేడ మీద బట్టలు తీస్తుంటే గాలికి దండెం తీగ జుంయ్‌మని మోగింది. చెయ్యి తగలగానే ఆగిపోయింది. బట్టలు భుజాన వేసుకుని అక్కడే కూర్చుండిపోయాను. సామేలు మామ పోయి రెండేళ్ళు కావస్తోంది. ఏ తీగ మోగినా ఎంతసేపు నిలుస్తుందా అని చెవి పెట్టే అలవాటు నాకు ఆయన వల్ల వచ్చిందే.

కోవిల్‌పట్టిలో ఆయనది మా పక్కిల్లు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన నేను పెద్దయ్యాక అక్కడే పెట్టెలు అంటించేదాన్ని. ఆదివారం చర్చిలో ఆయన స్టీల్ గిటార్ వాయించేవాడు. ఒళ్ళో పెట్టుకునేది కాదు, నాలుగు కాళ్ళ మీద బల్లలా నిలబడేది. తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ వాయించాలి. ఎడమకాలి పెడలు తొక్కితే సైకిల్ బ్రేకు వైరు తీగను లాగి స్వరం మారుస్తుంది, కుడికాలిది తొక్కితే స్పీకరులో శబ్దం పెరుగుతుంది. ఎక్కడో బొమ్మ చూసి అంతా తనే చేసుకున్నాడు.

మొదట దాన్ని అగ్గిపుల్లలు కోసే మెత్తటి చెక్కతో చేశాడు. చేతికి దొరికేది అదే కదా. మీటిన స్వరం మీటినట్టే చచ్చిపోయేది. మా నాన్న ఊరుకునేవాడు కాదు. "ఏం బావా, నీ పాట గూడా మన అగ్గిపుల్ల మాదిరే ఉండాదే. గీస్తే వెలుగుతాది, అప్పుడే ఆరిపోతాది."

మామ నవ్వలేదు. విరుదునగర్‌లో మూతపడిన నూనె గానుగ విప్పుతున్నారని విని, దాని దుంగ ఒకటి బస్సు మీద వేసుకొచ్చాడు. ఏళ్ళ తరబడి నూనె తాగి రాయిలా గట్టిపడిన చెక్క. కడ్డీ కూడా బరువైనది ఫ్యాక్టరీ లేత్ మిషను మీద తయారుచేసుకున్నాడు. కొత్త గిటార్ మొదటిసారి మీటినప్పుడు అత్త గరిటెతో సహా బయటికొచ్చి, స్వరం ఆగేదాకా గుమ్మంలో నిలబడింది.

ఆయనకు అదీ చాలలేదు. పాట చివరి మాట దగ్గర ముసలివాళ్ళకు ఊపిరి అందదని, వాళ్ళు ఆపేశాక కూడా గిటార్ ఆ మాటను పట్టుకుని ఉండాలని ఆయన పంతం. ఆ కిటుకు ఆయన కుడికాల్లో ఉంది.

"మీటినప్పుడే అంతా ఇచ్చేయగూడదు పాపా. తీగకు బలముండేటప్పుడు కాలు ఊరికే ఉండాల. అది సోలిపోయే కొద్దీ కొంజం కొంజంగా తొక్కాల. వినేవాళ్ళకు తగ్గినట్టే తెలీదు."

షుగరు ముదిరి ఆ కాలే మోకాలి కిందికి తీసేశారు. చర్చికి అప్పటికే కీబోర్డు వచ్చింది. ఈస్టరుకు ఒక పాట వాయించమని, కుదరకపోతే ఇక కీబోర్డుతోనే సరిపెట్టుకుంటామని పాస్టరు అయ్యగారు మర్యాదగానే చెప్పారట. మామ నన్ను పిలిచాడు. నేను కింద కూర్చుని కుడి పెడలును చేత్తో నొక్కాలి. వారం రోజులు నేర్పాడు. ఇంట్లో బాగానే వచ్చింది.

పండగనాడు చివరి మాట దగ్గర తలెత్తి చూస్తే మామ చెయ్యి వణుకుతోంది. ఆదుకోవాలన్న తొందరలో, ఆయన మీటగానే పెడలు అడుగంటా నొక్కేశాను. స్వరం చర్చి అదిరేటట్టు అరిచింది. ఇక ఇవ్వడానికి నా చేతికింద ఏమీ మిగల్లేదు. ముసలివాళ్ళ ఊపిరికన్నా ముందే అది ఆగిపోయింది. కీబోర్డు అందుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఏడుస్తుంటే ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ తప్పు కాదు పాపా. కాలు నాది గదా."

ఆయన గిటార్ మీద దుప్పటి కప్పేశాడు. నేను మాత్రం వదల్లేదు. రోజూ పని నుంచి వచ్చి దుప్పటి తీసి, అత్త తీగ మీటుతుంటే నేల మీద కూర్చుని పెడలు నొక్కేదాన్ని. నెలలు పట్టింది. ఒక సాయంత్రం కుదిరింది. స్వరం ఎక్కడ తగ్గిందో నాకే తెలియలేదు. మామా, అయ్యగారిని ఇంకోసారి అడుగుదామా అన్నాను.

ఆయన మంచం మీంచి రెండు చేతులూ చాచి చూపించాడు. వేళ్ళకు స్పర్శ పోయి చాలా రోజులైందట. కడ్డీ పట్టుకున్నా పట్టుకున్నట్టే తెలియదట.

"ముందే చెప్పుంటే ఏం మామా?"

"నువ్వు అంత ఆశగా నొక్కుతాండావే, ఎట్ల చెప్పేది?"

పెడలును కొద్దికొద్దిగా నొక్కే ఆ నెమ్మది ఇప్పటికీ నా అరచేతిలో ఉంది. కడ్డీ పట్టేవాళ్ళు లేరు. ఈ నెమ్మదిని ఏం చేసుకోవాలో నాకు తెలియదు.