మొగులయ్య డబ్బాలో పాత జెండాలు

మొగులయ్య దొంగ జెండాలు అచ్చు వేయించి అమ్మాడనీ, అనాథ పిల్లల నోటి దగ్గరి కూడు లాక్కున్నాడనీ, బండారం బయటపడగానే నాంపల్లి వదిలి పారిపోయాడనీ గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి ఈ గల్లీలోనే లేరు. మిగతా సగం మందికి నిజం తెలుసు. తెలిసినవాళ్లే ఇంకాస్త గట్టిగా చెబుతారు. అచ్చూ లేదు, అమ్మకమూ లేదు, పారిపోవడం అంతకన్నా లేదు.

మొగులయ్యది ఇస్త్రీ బల్ల. స్టేషన్ రోడ్డు మీంచి లోపలికి తిరగగానే ఇంద్రసేన గారి మేడ, ఆ మేడ మెట్ల కింద నాలుగడుగుల జాగా. పదకొండేళ్లు అక్కడే నిలబడి ఇస్త్రీ చేశాడు. కిరాయి లేదు. ఇంద్రసేన ఇంటి బట్టలకు డబ్బు అడగకపోవడమే కిరాయి. చుట్టూ నలభై గడపలు, ఆ నలభై గడపల బట్టలే అతని బతుకు. ఎవరి చొక్కాకు ఏ గుండీ ఊడిందో ఆ ఇంటి ఇల్లాలికన్నా ముందు అతనికి తెలిసేది. గుండీ ఊడితే కుట్టి పంపేవాడు, చెప్పేవాడు కాదు.

ఎదురింట్లో సుబ్బరత్నం. కర్నూలు నుంచి ఆఫీసులు ఇక్కడికి మారినప్పుడు భర్త లక్ష్మణరావు వెంట ఈ ఊరొచ్చింది. గల్లీలో ఎవరింట్లో ఏం ఉడికిందో, ఏది మాడిందో ఆవిడకు తెలియాలి. తెలియకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు. అందుకు మొగులయ్య బల్ల మంచి ఆసరా.

"ఏం మొగులయ్యా, అనసూయ గారి పట్టుచీర ఇస్త్రీకొచ్చిందే! పిల్లకి పెళ్లిచూపులా?"

"నాకేం ఎర్కమ్మా. చీర నాకు చెప్పదాయె."

"చీర చెప్పకపోతే పోనీ, చీర తెచ్చిన మనిషి చెప్పలేదూ?"

"గామె గూడ మీకు చెప్పొద్దనే చెప్పింది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

ఆ రోజుల్లో అబిడ్స్‌లో దీనబాల సేవా సంఘం వాళ్ల జెండాల రోజంటే ఉద్యోగస్తులకు హడలు. ఏడాదికొకసారి, సరిగ్గా జీతాలందిన మర్నాడు పెట్టేవాళ్లు. పెద్ద పోస్టాఫీసు ముందూ, బస్సులు ఆగే చోటా, ఇరానీ హోటలు గుమ్మంలోనూ దారికడ్డంగా వరసకట్టి నిలబడేవాళ్లు. అడగడమన్నది ఉండేది కాదు. ముందు దీపం బొమ్మ వేసిన కాగితపు జెండాను గుండుసూదితో జేబు మీద గుచ్చేయడం, ఆ తర్వాత డబ్బా తెచ్చి ముక్కు కింద గలగలలాడించడం. చిల్లర లేదంటే, నోటైనా పర్వాలేదనేవాళ్లు. జెండా తీసి చేతిలో పెట్టబోతే, "అనాథ పిల్లలకు పది పైసలు పెట్టలేరా సార్?" అని బస్సులో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా అడిగేవాళ్లు. ఆ పిల్లల శరణాలయం ఎక్కడుందో గల్లీలో ఎవరూ చూడలేదు. సంఘం వారి జీపు మాత్రం అందరూ చూశారు. ఒకసారి గుచ్చించుకున్నవాణ్ణి రెండోసారి ఆపేవాళ్లు కాదు. వాళ్లు పాటించిన ధర్మం అదొక్కటే.

సుల్తాన్ బజారులో కొన్న లక్ష్మణరావు కొత్త టెర్లిన్ చొక్కా ఆ సూదికే చిరిగింది. మనిషి ఆశపడి కొనుక్కున్న మొదటి టెర్లిన్ చొక్కా. "దానం చేసి చిరుగు తెచ్చుకున్నవాణ్ణి మిమ్మల్నే చూశాను" అని సుబ్బరత్నం వారం రోజులు సాధించింది.

ఆ మర్నాడు ఇస్త్రీకొచ్చే చొక్కాలన్నిటికీ జెండాలుండేవి. పెట్టె వేడికి కాగితం అంటుకుంటుంది, సూది గీరుకుంటుంది. మొగులయ్య ఒక్కొక్కటే ఓపికగా తీసి సూదులు ఒక గుడ్డపేలికకు గుచ్చేవాడు, జెండాలు పాత బిస్కెట్ డబ్బాలో వేసేవాడు.

"చిత్తుకాగితాలు దాచిపెడతావేమయ్యా?" అని సుబ్బరత్నం అడగనే అడిగింది.

"దీపం బొమ్మ ఉన్నదమ్మా. కాళ్ల కింద పడేస్తే మంచిగుండదు."

మరుసటేడు జెండాల రోజు పొద్దున లక్ష్మణరావు చొక్కా కోసం వెళ్లి, బల్ల మీద ఆ డబ్బా చూసి ఆగాడు.

"మొగులయ్యా, ఆ జెండా ఒకటి ఇటివ్వు."

"పోయినేటిది సార్ గది."

"దీపం పోయినేడు ఎలా ఉందో ఈ ఏడూ అలాగే ఉంటుందిలే. ఇవ్వవయ్యా."

ఆ సాయంత్రం ఆయన రాజ్యం గెలిచినట్టు ఇంటికొచ్చాడు. పోస్టాఫీసు ముందు వాళ్లే పక్కకు తప్పుకుని దారిచ్చారట. ఈ కబురు గల్లీ అంతా తిరిగేలా చూసింది సుబ్బరత్నమే. ఆ పైయేడు పొద్దున్నే పది మంది వచ్చారు. ఆ మరుసటేడు ఇరవై రెండు మంది. గుమాస్తాలు, బడిపంతుళ్లు, చివరికి సంఘానికి చందా రాసిన ప్లీడరు గారు కూడా. మొగులయ్య అందరికీ తీసిచ్చాడు, సూది కూడా తనే పెట్టాడు. ఎవరూ పైసా ఇవ్వలేదు, అతనూ అడగలేదు. జెండాలు పంచే పొద్దు మాత్రం బల్ల దగ్గర పెళ్లి సందడే.

"నాకు మంచిగ నిలబడేది చూసి ఇయ్యవయ్యా, మా సూపర్నెంటు దగ్గరకొచ్చి చూస్తాడు."

"గిది కొత్త పెండ్లికొడుకు లెక్క నిలబడతది సార్, పోయిరాన్రి."

ఆ ఏడే, ఇరవై రెండు మంది వెళ్లిన ఏడే, సంఘం వాళ్లు జెండా రంగు మార్చారు. అంతకు ముందు ఎర్ర దీపం, ఇప్పుడు నీలం. నాంపల్లి నుంచి అబిడ్స్‌కు ఇరవై రెండు మంది చదువుకున్నవాళ్లు, ఒకరి వెనక ఒకరు, జేబుల మీద ఎర్ర దీపాలు పెట్టుకుని నడిచారు. ఎదురొచ్చే ఒక్క చొక్కా మీదా ఎర్ర దీపం లేదని ఒక్కరికీ తట్టలేదు. పెట్టుకున్నాం కదా అన్న ధైర్యం.

పోస్టాఫీసు ముందు లక్ష్మణరావును ఆపారు. పక్కనే ఆయన పై అధికారి నిలబడి నీలం జెండా గుచ్చించుకుంటున్నాడు.

"ఏంది సార్, పోయినేటి పుణ్యం గీ ఏడు గూడ నడిపిస్తున్రా?" అని ఒక కుర్రవాడు గట్టిగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

లక్ష్మణరావు మంచివాడు. లంచం ముట్టనివాడు. ఆ క్షణంలో మాత్రం ఆయన నోట ఒక మాట వచ్చింది. "మా ఇస్త్రీవాడు ఇవాళ్టిదేనని అమ్మాడండీ. నాకేం తెలుసు?"

వెనకే వచ్చిన ప్లీడరు గారికి ఆ మాట చెవిన పడింది. ఆయనా అదే అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆలోచించుకునే పని లేకపోయింది.

సాయంత్రం ఆరు గంటలకు సంఘం జీపు గల్లీలోకి వచ్చింది. ఇంద్రసేన మేడ దిగి వచ్చాడు. ఆ ఏడే ఆయన్ను సంఘంలో మెంబరుగా వేసుకున్నారు. తన మెట్ల కిందే ఈ పని జరిగిందని ఆయన ముఖం కందిపోయి ఉంది. బల్ల మీది డబ్బా తీసి బోర్లించాడు. మిగిలిన ఎర్ర దీపాలు ఇస్త్రీ చేసిన దుప్పటి మీద పడ్డాయి.

"అనాథ పోరగాండ్ల పేరు మీద దుకాణం పెట్టినవారా? నా ఇంట్ల?"

"దుకాణమేంది సాబ్! పాతయి. సార్లు అడిగితే ఇచ్చిన."

"ఏ సార్లు? పేరు చెప్పు."

మొగులయ్య గల్లీ వైపు చూశాడు. అరుగుల మీద ఆ ఇరవై రెండు మంది సార్లూ నిలబడి ఉన్నారు. పొద్దున తన చేత సూది పెట్టించుకున్నవాళ్లే. ఒకాయన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ప్లీడరు గారు గొంతు సవరించుకుని లోపలికి వెళ్లాడు. లక్ష్మణరావు పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"లక్ష్మణరావు సారును అడుగున్రి సాబ్" అన్నాడు మొగులయ్య, మెల్లగానే.

పేపరు కదల్లేదు. కిటికీలో నిలబడి అంతా చూస్తున్న సుబ్బరత్నానికి ఆ మాట స్పష్టంగా వినబడింది. మొదట జెండా అడిగిందెవరో, కబురు గల్లీ అంతా తిప్పిందెవరో ఆవిడకు తెలుసు. నోటిదాకా వచ్చింది. పై అధికారి ముందు ఇస్త్రీవాడే అమ్మాడని అనొచ్చానని భర్త ఇంటికి రాగానే చెప్పాడు. ఆ మనిషి రేపు మళ్లీ ఆ ఆఫీసుకే పోవాలి. సుబ్బరత్నం కిటికీ రెక్క వేసేసింది. వేశాక కూడా లోపలే నిలబడి వింది. ఇంద్రసేన మాటలు వినబడ్డాయి.

జాగా ఖాళీ చేయడానికి మర్నాటి పొద్దుటి దాకా గడువిచ్చారు. మొగులయ్య, అతని భార్య శంకరమ్మ ఇంటింటికీ తిరిగి అందరి బట్టలూ అందజేశారు, చేసినవీ, చేయనివీ. సుబ్బరత్నం గుమ్మంలో శంకరమ్మ మూట పెట్టి, "లెక్క చూస్కోన్రి" అంది. ఎప్పుడూ వంద ప్రశ్నలడిగే సుబ్బరత్నం మూట తీసుకుని తలుపు వేసుకుంది. మూటలో లక్ష్మణరావు పాత చొక్కాకు ఊడిన గుండీ కుట్టి ఉంది. బల్ల, పెట్టె రిక్షాలో ఎక్కించుకుని పట్టపగలు, అందరి ముందే వెళ్లిపోయారు. దాన్నే తర్వాత పారిపోవడమన్నారు.

సంఘం వాళ్లు ఆ పైయేడు నుంచి జెండాలు మానేసి ఇంటింటికీ రసీదు పుస్తకంతో వచ్చారు. ఇంద్రసేన ముందు నడిచేవాడు. జడిసి అందరూ ఇచ్చారు. లక్ష్మణరావు అందరికన్నా ముందు ఇచ్చేవాడు.

ఎనిమిదేళ్ల తర్వాత చెల్లెల్ని రైలెక్కించడానికి సుబ్బరత్నం కాచిగూడ వెళ్లింది. తిరిగి వస్తుంటే ఒక లాడ్జి పక్క సందులో ఇస్త్రీ బల్ల, దాని వెనక మొగులయ్య కనబడ్డాడు. జుట్టు నెరిసింది. లాడ్జి దుప్పట్లు మడత పెడుతున్నాడు. ఇక్కడ దిగేవాళ్లు ఒక పూట ఉండి పోయేవాళ్లు, ఏ గుండీ ఎవరిదో తెలియాల్సిన పనిలేదు.

"బాగున్నావా మొగులయ్యా? శంకరమ్మ ఎలా ఉంది?"

"ఉన్నదమ్మా. మోకాళ్ల నొప్పులు. సారు మంచిగున్నరా?"

"ఉన్నారు. రిటైరయ్యారు." ఆవిడ వెళ్లబోయి ఆగింది. ఎనిమిదేళ్లుగా గల్లీలో ఆ కథ వినీ వినీ, ఒక్కోసారి అందులో నిజమెంతో తనకే తెలియకుండా పోతోంది. "ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. ఆ జెండాలకు ఎవరి దగ్గరైనా, ఎప్పుడైనా, ఒక్క పైసా తీసుకున్నావా?"

మొగులయ్య పెట్టె పక్కన పెట్టాడు. కోపం లేదు అతని ముఖంలో. అదే ఆవిడకు కష్టంగా ఉంది.

"తీసుకోలేదమ్మా. తీసుకుంటేనే మంచిగుంటుండె. పైసలిచ్చి కొన్నోడైతే, నా పైసలు నాకియ్యమనైనా వచ్చి కొట్లాడుతుండె. నేను ఊకె ఇస్తి. ఊకె తీసుకున్నోడు ఇచ్చినోని మొఖం చూస్తడా? గా చందా డబ్బా పట్టుకొని తిరిగినోళ్లకు గూడ గీ సంగతి ఎర్క, గందుకే గట్ల గుచ్చి పైసలు గుంజుకుంటుండిరి. జర పక్కకు జరుగున్రి అమ్మా, లాడ్జోళ్లు దుప్పట్ల కోసం వస్తున్నరు."