మందు లారీ

తిరుత్తణి దగ్గర రాళ్ల క్వారీలో మా ఆయన మేస్త్రీ. కొండను పేల్చే మందు దించేటప్పుడు, చెప్పుల మేకులకు నిప్పురవ్వ లేస్తుందని, చెప్పులతో ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. వాళ్ల ముత్తాత మద్రాసు రేవులో తెల్లవాళ్ల ఓడలకు మందు పీపాలు ఎక్కించేవాడట. ఓడలో వంటపొయ్యి ఆర్పందే ఒక్క పీపా కూడా కదిలేది కాదట. ఆ జాగ్రత్తే మా ఆయనకూ వచ్చింది. వచ్చిన ప్రతి లారీ డ్రైవరుకూ ఆ కత చెప్పేవాడు.

ఎనభైల మొదట్లో ఒక పొద్దున, మిగిలిన మందును తిరువళ్ళూరు వైపు ఇంకో క్వారీకి తీసుకుపోవడానికి లారీ వచ్చింది. డ్రైవరు మందు మూటల మీదే డిటోనేటర్ల పెట్టె పెట్టించి, బీడీ ముట్టించాడు.

"ఆ పెట్టె దించు తమ్ముడా. రెండూ ఒకే బండిలో పోగూడదు," అన్నాడు మా ఆయన.

"నీ ఓడ కతలు యాడన్నా చెప్పుకోన్నా. నాకు టైమైపాయ."

మా ఆయన అతని నోట్లోంచి బీడీ లాగి, వట్టి కాలితో నలిపేశాడు. డ్రైవరు జాకీ రాడ్డు తీసి తలమీద కొట్టాడు. అక్కడే రాళ్లు కొడుతున్న నేను పరిగెత్తి వెళ్లి, రక్తం కారే తలను కొంగుతో అదిమి పట్టుకునేలోపే లారీ వెళ్లిపోయింది.

రోడ్డు మలుపులో అది పేలింది. మా ఆయన నా చెయ్యి విదిలించుకుని అటు పరిగెత్తాడు. తుమ్మచెట్ల మీద డ్రైవరు చొక్కా పేలికలు వేలాడుతున్నాయి. దొరికినంత శరీరాన్ని ఏరి, మా ఆయన తన పంచెలో మూటగట్టాడు.

తలకు ఆ దెబ్బ ఎట్లా తగిలిందని పోలీసులు అడిగారు. పేలుడుకు రాయి ఎగిరొచ్చి తగిలిందని చెప్పాడు.