ఆనందమ్మకు ఎవరు చెప్పాలి

ఐరాల అవతల, చెరకు తోటల పక్కన రేకుల షెడ్డులో నడిచే సంఘంలో ఆనందమ్మ పాస్టరూ కాదు, పెద్దా కాదు. కూలి మనిషి. అయినా ఆదివారం ఆరాధనకు ఎవరైనా రాకపోతే, సాయంత్రానికల్లా ఆ ఇంటి గడప తొక్కేది. ఎందుకు రాలేదని నిలదీసేది కాదు. వాళ్లు చింతచిగురు ఏరుతుంటే తానూ ఏరేది, చంటిబిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకునేది. లేచేముందు చిన్న ప్రార్థన. కరోనాలో పాస్టరు పోయి, పడుచువాళ్లు బెంగళూరు దారి పట్టి, షెడ్డులో సగం చాపలు ఖాళీ అయినా ఆ సంఘం ఇంకా నిలిచి ఉందంటే, అది ఆమె కాళ్లరిగేలా తిరగబట్టే.

మొన్న వానాకాలంలో ఆమె ఒక్కగానొక్క కూతురు మోహన డెంగీ జ్వరంతో పోయింది. సమాధి దగ్గరికి సంఘమంతా వచ్చింది. తన భుజాన పడి ఏడ్చినవాళ్లను ఆనందమ్మే ఓదార్చి పంపింది. ఆ తర్వాత మంచం పట్టింది. గోడవైపు తిరిగి పడుకునేది, పొయ్యి వెలిగించేది కాదు. ఆదివారం పొద్దుకూకే వేళకు మాత్రం లేచి, తలుపు తీసి కూర్చునేది. ఎవరూ రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు.

వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. పదిమందికి ధైర్యం చెప్పిన మనిషికి మనం చెప్పేదేముంది అనుకున్నారు. ఇలాంటి గౌరవం పగవాళ్లకు కూడా వద్దు. పైగా ఆరాధనలో ఆమెకు అంత గట్టి విశ్వాసం ఇచ్చినందుకు దేవునికి స్తోత్రాలు చెల్లించారట. పక్కింటి గంగులమ్మ ఆ సంగతి మోసుకొచ్చి, గోడ అవతలి నుంచే సంబరంగా చెప్పింది. ఆనందమ్మకు పుండు మీద కారం చల్లినట్టయింది. బైబిలు తీసి బియ్యం డబ్బా వెనక పడేసింది. ఇక ఆ షెడ్డు గుమ్మం తొక్కకూడదనుకుంది.

చివరికి వచ్చినవాడు శాంతయ్య. పెళ్లాం పోయి తాగుడులో పడ్డప్పుడు, ఆనందమ్మ వారం వారం వెళ్లి మళ్లీ మనుషుల్లోకి తెచ్చిన మనిషి. ఎవరైనా ప్రార్థిస్తే తల వంచుకుని కూర్చోవడమే తప్ప, తాను నోరు తెరిచి ప్రార్థించి ఎరగడు. గడప దగ్గర కూర్చుని తువ్వాలు మడతపెడుతూ ఉండిపోయాడు.

“అందరిండ్లకూ నేను తిరిగినా గదన్నా. నా ఇంటికి దోవ ఎవురికీ తెల్దా?” అంది ఆనందమ్మ.

శాంతయ్య సాకులు వెతకలేదు.

“తెలుసమ్మా. నేనూ సందు మొగదాలకు వచ్చి ఎనక్కి పోయినా. బయమేసింది. నువ్వే పడిపోయుంటే, ఇంక మేము యాడ నిలబడేది అని.”

ఆనందమ్మ అతన్నే ప్రార్థన చేసి పొమ్మంది.

అతను కళ్లు మూసుకుని “ప్రభువా” అన్నాడు. ఆగిపోయాడు. మళ్లీ “ప్రభువా” అన్నాడు. ఇంకొకప్పుడైతే ఆనందమ్మ మాట అందించేది. ఈసారి అందించలేదు.

“ఈయమ్మ బిడ్డ సచ్చిపోయింది సామీ,” అన్నాడు ఎట్టకేలకు. “ఈయమ్మకు శాతగావడం లే.”

ఆ ముక్క అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆనందమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగక, వీధి వీధంతా వినేలా ఏడ్చింది. శాంతయ్య లేచి పోలేదు.