అప్పలరాజు కార్డు, మా ఇంటి కూలర్

ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తూనే వేళకి తింటున్నాను, హాయిగా నిద్రపోతున్నాను. నాకు అదే ఎక్కువ సిగ్గు. మీకొక్కరికే చెబుతున్నాను. అప్పలరాజు కార్డుతో డబ్బు తీసింది నేనే.

ఛత్తీస్‌గఢ్ గనుల వైపు వెళ్లే కిరండూల్ రైలు లైను మీద మాది పట్టాల పని చేసే గ్యాంగు. జీతాలు పడిన రోజు బజార్లో ఏటీఎం ముందు గని కార్మికుల క్యూ రోడ్డు దాటిపోయేది. అందుకని సెలవున్నవాడొకడే అందరి కార్డులూ పట్టుకెళ్లేవాడు. వాడు తికమక పడకూడదని అందరం ఒకే పిన్ పెట్టుకున్నాం. మా గ్యాంగ్ గది ఎదుట కిలోమీటరు రాయి మీది అంకెలు. అంత తెలివి ఇంకెవరికి వస్తుంది?

ఆ నెల వంతు నాది. కార్డులన్నీ ఒకే రంగు. కూలర్ కోసం నా ఖాతాలోంచి తీశాననుకున్న డబ్బు అప్పలరాజు ఖాతాలోంచి తీశాను. పొరపాటే, ప్రమాణం చేసి చెబుతున్నాను. సాయంత్రం సిగ్నల్ వచ్చాక అతని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషు రాక నా దగ్గరికే తెచ్చాడు. వెనకే అతని భార్య, వాళ్లింట్లోనే ఉండే బావమరిది సింహాచలం, సగం కాలనీ. అంకె చూడగానే నాకు తెలిసిపోయింది. లోపల ఆ డబ్బుతో కొన్న కూలర్ తిరుగుతోంది. "పొరపాటైంది" అంటే అయిపోయేది. ఎందుకనలేదు? అందరూ నన్ను లాయరును చూసినట్టు చూస్తుంటే, "ఎవడో నకిలీ కార్డు తయారుచేశాడు" అన్నాను గంభీరంగా.

ఇక ఆ దొంగని పట్టుకునే బాధ్యతా నాదే అయింది. మన తప్పు లేకుండా డబ్బు పోతే, మూడు రోజుల్లోపు చెబితే నష్టం బ్యాంకుదేనని నేనే చెప్పాను. పోలీసు థానాలో రిపోర్టు, జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్, ఆపైన వినియోగదారుల కోర్టు, అన్నీ కంఠతా వచ్చేశాయి. నా మీద అంత చక్కటి ఫిర్యాదు ఇంకెవరూ రాయలేరు. ఏటీఎం కెమెరా వీడియో అడిగే అర్జీ మాత్రం, ఆ వీడియో చెరిగిపోయేదాకా దిద్దుతూనే కూర్చున్నాను. అది పొరపాటు కాదు.

అప్పలరాజు బ్యాంకు నుంచి మండిపడుతూ వచ్చాడు.

"పిన్ ఎవులికైనా సెప్పినావా అనడిగినాడు బ్యాంకోడు. మా గ్యాంగోలకి తప్ప ఎవులికీ సెప్పలేదన్నాను. అయితే డబ్బులు రావు, కార్డు తెచ్చినోడినే అడుగు అంతాడేటన్నయ్యా! ఆడి కాలరట్టుకున్నాను."

"గొడవెందుకురా?"

"నిన్నంతే ఊరుకుంతానా? ఇది మా సింహాచలంగాడి పనే. ఆ రోజు ఆడూ బజారుకెల్లినాడు."

నేను ఫిర్యాదు కాగితాలు మడత పెట్టుకున్నాను. మర్నాడే సింహాచలం సంచీ పట్టుకుని ప్యాసింజర్ ఎక్కాడు.

తట్టుకోలేక కూలర్ సగం ధరకి అమ్మి, మిగతాది కలిపి, డబ్బు జమచేసే మెషిన్లో అప్పలరాజు ఖాతాకి వేసేశాను. నా ఫిర్యాదుకి బ్యాంకు దడుచుకుందని అతను కాలనీ అంతా మిఠాయి పంచాడు. ఇప్పుడైనా బావమరిదిని పిలవరా అన్నాను. "బ్యాంకోడే ఇచ్చినాడంటే దొంగతనం జరిగినట్టేగదా" అన్నాడు. నా డబ్బుతో నేనే ఆ పిల్లాణ్ణి దొంగగా రుజువు చేశాను.

సింహాచలం మళ్లీ ఆ గడప తొక్కలేదు. నేను మాత్రం కాలనీకి లాయరునయ్యాను. మొన్న సింహాచలం అక్క వచ్చి, "తమ్ముణ్ణి ఇంటికి రప్పించడానికి సట్టంలో ఏదైనా సెచ్చనుందా అన్నయ్యా?" అనడిగింది.

"ఉందమ్మా, చూసి చెబుతాను" అన్నాను.

ఉన్నది ఒక్కటే. మీతో ఇప్పుడు చెప్పిందే. ఆమెతో చెప్పే ధైర్యం వస్తుందా? తెలీదు. కానీ ఎవరో ఒకరితో అనేశాను కదా, కూలర్ లేకపోయినా ఇవాళ కాస్త చల్లగా ఉంది.