పిట్ట ఒచ్చినాకే తియ్యి

ఈ ఉదయం వాకిలి ఊడుస్తుంటే, ఎదురింటి మేడ మీద కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయి సెల్‌ఫోన్ ఎత్తి మా పక్కింటి మామిడిచెట్టు వైపు గురిపెట్టి నిలబడి ఉంది. నా చేతిలో చీపురు ఆగిపోయింది. ఎవరి తరఫున తీస్తోంది, చెట్టునా, ఇంటినా, ప్రహరీనా అని గుక్క తిప్పుకోకుండా అనుమానాలు వచ్చేశాయి. "ఏటమ్మా, ఏటి తీత్తన్నావు?" అని కేకేశాను. ఆ పిల్ల బెదిరిపోయి "పిట్ట ఆంటీ, పిట్ట!" అంది. తలెత్తి చూస్తే నిజంగానే చిటారుకొమ్మన కంసాలి పిట్ట కూర్చుని టక్‌ టక్‌మంటూ తన పని తాను చేసుకుపోతోంది. నాకు నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ళ కిందట ఇదే వాకిట్లో ఇదే ప్రశ్నకి ఇదే జవాబు చెప్పి, ఒక్కరిని కూడా నమ్మించలేకపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన ఇప్పుడు లోపల కూర్చుని కాఫీ కోసం ఎదురుచూస్తున్నాడు. మా ఆయనే.

మాది గాజువాక దగ్గర నిర్వాసితుల కాలనీ. స్టీలు ప్లాంటు కోసం ఖాళీ చేసిన ఊళ్ళ వాళ్ళకి ఇచ్చిన స్థలాలివి. నేను అనకాపల్లి వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని కనుక ఆ పాత ఊరు నేను చూడలేదు, మా మామగారి నోట విన్నదే. ముందు టేపు పట్టుకున్నవాళ్ళు వచ్చారట, వెనకాల కెమెరా మెడలో వేసుకున్న మనిషి. ఇంటి యజమానిని గుమ్మంలో నిలబెట్టి, చేతికి పలక ఇచ్చి, దాని మీద సుద్దతో నంబరు రాసి ఫోటో తీశారట. చెట్లకైతే మొదలు చుట్టూ సున్నం పట్టీ వేసి నంబరు పెట్టారట. మా మామగారు తన జీడిచెట్టు పక్కన నిలబడబోతే "నువ్వు జరుగు, చెట్టు కనపడాలి" అన్నాడట ఆ కెమెరా మనిషి. కొమ్మ మీద వాలిన కాకుల్ని కూడా హుష్ హుష్ అని తోలేశాడట. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఊరు లేదు. అప్పటినుంచి మా మామగారికి ఒకటే సూత్రం: ఫోటో తీసిన చెట్టు ఇంక మనది కాదు. మా కాలనీలో పండగలకి అందరూ చెట్ల మొదళ్ళకి సున్నం వేసుకుంటే మా ఇంట్లో వెయ్యనిచ్చేవారు కాదు. తన ఫోటో తియ్యనిచ్చేవారు కూడా కాదు. మా పెళ్ళి ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా వెతకండి, పెళ్ళికొడుకు తండ్రి కనిపించడు. కెమెరావాడు ఇటు వస్తే ఆయన షామియానా వెనక్కి వెళ్ళిపోయేవారట. మా పుట్టింటివాళ్ళు ఆయనకి ఏదో మర్యాద తక్కువయిందనుకుని చాలాకాలం బెంగపడ్డారు.

అలాంటి ఇంట్లోకి మా ఆయన కెమెరా తెచ్చారు. పూర్ణా మార్కెట్ దగ్గర ఓడల మీద దిగిన ఫారిన్ సరుకు అమ్మే కొట్టు ఒకటుండేది. అక్కడ కొన్న పాతది. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పాలు పల్చగా ఉంటే పాలవాణ్ణి అనుమానిస్తాను, చిక్కగా ఉంటే ఇంకా ఎక్కువ అనుమానిస్తాను. పండక్కి చొక్కా కూడా నేను గుర్తుచేస్తేగాని కొనుక్కోని మనిషికి కెమెరా ఎందుకు? మొదటి రీలు కడిగించి తెచ్చినప్పుడు ఆయన స్నానానికి వెళ్ళేదాకా ఆగి కవరు విప్పాను. ఆకాశం. మళ్ళీ ఆకాశం. సాయంత్రం పూట గులాబీ రంగులో, వాన ముందు బూడిద రంగులో, ప్లాంటు పొగ గొట్టం వెనక నారింజ రంగులో ఆకాశం. ఆ తర్వాత మా పెరట్లో జామకొమ్మ, మందారపువ్వులో ముక్కు పెట్టిన తేనెపిట్ట. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. అంత ఖాళీ చూసేసరికి నా అనుమానం తగ్గకపోగా పెరిగింది. ఎవరో ఉండవలసిన చోట ఎవరూ లేరంటే కావాలని తప్పించారన్నమాటే కదా!

నిలదీస్తే ఆయన తల తుడుచుకుంటూ తాపీగా చెప్పారు. ఆయనది ఫర్నేసు దగ్గర ఉద్యోగం. నీలం అద్దంలోంచి మంటను చూడాలి. "షిఫ్టంతా నిప్పుకేసే సూత్తాను. బైటికొచ్చినాక ఏదైనా సల్లగా అగుపడితే దాన్ని ఉంచుకోవాలనిపిత్తాది. అంతే," అన్నారు. అంతే అన్న మాట ఎవరన్నా నేను నమ్మను. అయినా ఆ రోజునుంచి ఆయన డ్యూటీ దిగి వచ్చి, ముక్కాలిపీట వేసుకుని జామచెట్టు కింద కూర్చుంటే టిఫిను అక్కడికే పంపేదాన్ని. పిట్ట వస్తే గాని ముట్టేవారు కాదు. ఇడ్లీలు రాయిలా అయ్యేవి.

నేనే నమ్మలేదంటే కాలనీ నమ్ముతుందా? పైగా అప్పట్లో మా కాలనీ మీదుగా ఏదో కొత్త రోడ్డు పడుతుందని ఒక పుకారు. మనిషికి ప్లాంటులో ఉద్యోగం, చేతిలో కెమెరా, తీసేవి చెట్ల ఫోటోలు. ఈ మూడూ కలిపేసుకున్నారు. మా ఆయనకి వరసకి బావయ్యే పక్కింటాయన ఒకరోజు గోడ మీద మోచేతులు ఆనించి గొంతు తగ్గించి అడిగాడు.

"బావ, మన్లో మనకి దాపరికం ఏటి? ఎవులు పంపినారు నిన్ను?"

"ఎవులూ పంపనేదు బావ. పిట్టల్ని తీత్తన్నాను."

"పిట్టల్నా? మాకు పిట్టకతలు సెప్పకు!"

ఆ మాట సాయంత్రానికల్లా కుళాయి దగ్గరికి చేరింది. మా ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. కుళాయి దగ్గర నా బిందె ముందుకు జరిపి మరీ దారిచ్చేవారు. ఎప్పుడూ తిట్టుకుంటూ పట్టుకునే నీళ్ళకి అంత మర్యాదేమిటని దాన్నీ అనుమానించేదాన్ని. వారం తిరక్కుండా కాలనీలో మొక్కలు దిగడం మొదలైంది. నష్టపరిహారం చెట్ల లెక్క మీద వస్తుందని మా వాళ్ళకి ఒకసారి అనుభవం మరి. చాప పరవడానికి చోటులేని వాకిట్లో మూడు కొబ్బరిమొక్కలు, బాత్రూము గోడ వారన సపోటా, మురిక్కాలవ గట్టున మునగకొమ్మలు. పక్కింటాయన ఏకంగా మామిడి అంట్లు తెచ్చి పాతాడు. ఆయన భార్య అయితే మా ఆయన్ని పిలిచి మజ్జిగ ఇచ్చి, "అన్నయ్యా, మా నిమ్మమొక్క కూడా ఓపాలి తియ్యి. కాపుకొచ్చినట్టు అగుపడాల," అని బతిమాలింది. వెళ్ళి చూస్తే జానెడు మొక్కకి బజారులో కొన్న నిమ్మకాయలు దారంతో కట్టి ఉన్నాయి. మా ఆయన నవ్వలేక, ఏడవలేక ఇంటికి వచ్చేశారు.

నవ్వులాట మా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మా మామగారు కొడుకుతో మాట్లాడటం మానేశారు. కంచం తీసుకుని వీధి అరుగు మీదికి వెళ్ళి తినేవారు. ఒకరోజు కెమెరా జామచెట్టు వైపు లేవగానే ఆయన వచ్చి చెట్టుకి అడ్డంగా నిలబడ్డారు. "పరాయోడు తీత్తే ఊరు పోయింది. కన్నోడు తీత్తే ఇంకేటి మిగుల్తాది?" అన్నారు. కొడుకు ఎంత చెప్పినా వినలేదు. రెండు పంచెలు సంచిలో కుక్కుకుని మల్కాపురంలో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయారు. మా ఆయన కెమెరా తీసి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేశారు. వెనకాలే మల్కాపురం వెళ్ళి, ఇంక తియ్యనని చెప్పి రమ్మన్నా, తండ్రి గోడవైపు తిరిగి పడుకున్నారట. ఆ తర్వాత మా ఆయనకి డ్యూటీకి వెళ్ళడం, రావడం, తలదించుకు తినడం, అంతే. తల్లి చిన్నప్పుడే పోతే ఒంటి చేత్తో పెంచిన తండ్రి తనని దొంగ అనుకుంటున్నాడన్న బాధ ఆయన పైకి చెప్పుకోలేదు. ఆ తండ్రి ఇక రారేమోనని నాకు భయం పట్టుకుంది.

ఆ ఫోటోలన్నీ గుడ్డసంచిలో వేసుకుని నేనే బస్సెక్కాను. మా ఆయన నిర్దోషి అని నిరూపిద్దామని కాదు. నాకు కనిపించని మోసం ఏదైనా వాటిలో ఉంటే అనుమానంలో నాకంటే పెద్దవారు గనక మా మామగారికైనా కనిపిస్తుందని. మల్కాపురంలో మా ఆడపడుచు ఇంటి మేడ మీద నులకమంచం వేసుకుని కూర్చున్నారాయన. రిఫైనరీ గొట్టం చివర మంట వెలుగుతోంది. ఆరేసిన బట్టల మీద సన్నగా మసి. సంచి మంచం మీద బోర్లించాను. ఆయన చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత ఒకటి తీసి, చెయ్యి బారుగా చాపి చూసి, వెనక్కి తిప్పి సీలు ఏదైనా ఉందేమో చూశారు.

"ఇంటి నంబరేది?"

"నేదు మావయ్యా."

ఇంకోటి తీశారు. తేనెపిట్ట. పిట్ట రెక్క మీది మెరుపుతో సహా పడింది గాని వెనక జామచెట్టు సగానికి తెగిపోయింది. దాన్ని కళ్ళ దగ్గరికి, మళ్ళీ దూరానికి జరిపారు.

"సెట్టు సగమే ఉన్నాదేటి? మొదలేది? సున్నం ఏది?"

"పిట్ట కోసం తీసినారు మావయ్యా. సెట్టు కోసం కాదు."

"ఇది ఒచ్చీదాకా కూకున్నాడా?"

"పొద్దున్నంతా కూకున్నారు. టిఫిను కూడా ముట్టనేదు."

ఆయన ఫోటో పట్టుకునే మంటకేసి తిరిగారు. "లెక్కకొచ్చినోడు పిట్ట కోసం కూకోడు," అన్నారు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "తోలేత్తాడు." తర్వాత ఫోటోలన్నీ జాగ్రత్తగా అంచులు కలిపి సంచిలో పెట్టి, తన సంచి కూడా తీసుకుని లేచారు. "పద, బస్సెల్లిపోతాది." మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "అయినా ఆ ఆకాశం ఏటికి తీసినాడో కనుక్కో అమ్మా. అందులో పిట్ట కూడా నేదు," అన్నారు. నాకు ప్రాణం లేచివచ్చింది. మా మామగారు మళ్ళీ మా మామగారయ్యారు.

మర్నాడు పొద్దున్నే ఆయన తలకి నూనె రాసి దువ్వుకుని, ఉతికిన పంచె కట్టుకుని జామచెట్టు పక్కన ముక్కాలిపీట వేసుకున్నారు. "ఒరే, పెట్టిలోది ఇలా తే," అన్నారు. మా ఆయన తండ్రిని అలా చూస్తూ నిలబడిపోతే నేనే వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి కెమెరా తెచ్చి చేతిలో పెట్టాను. "పిట్ట ఒచ్చినాకే తియ్యి. ఒట్టి సెట్టూ నానూ అయితే లెక్కలో కలిసిపోతాం," అన్నారు ఆయన. ఇక ఎదురుచూపు. ఎండ చెట్టు మీదినుంచి ఆయన భుజం మీదికి దిగింది. గోడ మీద పక్కింటి తలకాయలు ఒకటొకటిగా మొలిచాయి. చివరికి ఒక పిగిలిపిట్ట వచ్చి జామపండు మీద వాలింది. ఆయన కెమెరాను మరిచిపోయి, మెడ తిప్పి, నువ్వెవరి తరఫున వచ్చావన్నట్టు దాన్నే నిలదీసి చూస్తున్నారు. మా ఆయన అప్పుడు నొక్కారు. నొక్కాక కళ్ళు తుడుచుకున్నారు.

దాంతో కాలనీకి ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. ఎప్పుడూ ఫోటోకి ఒప్పుకోని ముసలాయన చెట్టుతో సహా దిగాడంటే లెక్క ఖాయమైనట్టే! నర్సరీ బండి ఇంకో రెండుసార్లు మా వీధికి వచ్చింది. నిజం చెప్పబోయిన నన్ను మా మామగారే ఆపారు. "ఊరుకోయే అమ్మా. ఏ అనుమానంతో పాతితే ఏటి, నీడ ఒచ్చేదాన్ని పాతుతన్నారు," అని చుట్ట వెలిగించుకున్నారు.

రోడ్డు రాలేదు. టేపు పట్టుకుని ఎవరూ రాలేదు. కొబ్బరి కాసింది, సపోటా కాసింది, దారంతో కాయలు కట్టించుకున్న ఆ నిమ్మ కూడా సిగ్గుపడినట్టు ఆలస్యంగా కాసింది. ఒట్టి ఇసకా, సిమెంటూ అయిన కాలనీలోకి గోరింకలొచ్చాయి, వడ్రంగి పిట్టలొచ్చాయి. మా ఆయన కెమెరాకి తీరిక లేకుండా పోయింది. ఏళ్ళు గడిచాక ఒక వానాకాలంలో మా మామగారు పోయారు. దండ వెయ్యడానికి పటం కావాలంటే ఇల్లంతటికీ ఆ ఒక్క ఫోటోనే. స్టూడియో అతను చూసి, ముఖం పక్కకి తిరిగి ఉందని నొచ్చుకుని, "పెద్ద చేసేటప్పుడు ఆ పిట్టనీ కొమ్మనీ తీసేస్తానండి, నిండుగా ఉంటుంది," అన్నాడు. మా ఆయన ఎన్నడూ లేనిది గట్టిగా అరిచినంత పని చేశారు. "పిట్టని తియ్యొద్దు. తీత్తే మా నాన్న ఒప్పుకోడు."

అందుకే మా నడవాలో పటానికి వేసిన దండ తండ్రికీ పిట్టకీ కలిపే ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు. అడిగినవాళ్ళని నేను కాస్త అనుమానంగానే చూస్తాను. ఎదురింటి మేడ మీద పిల్లకి మాత్రం ఇదంతా చెప్పలేదు. "తియ్యమ్మా, తియ్యి, అది ఎగిరిపోకముందే," అని చీపురు అందుకున్నాను. ఆ మామిడి నాటిన పక్కింటాయనా లేడు, నిమ్మకాయలు కట్టిన ఆవిడా లేదు. ఎవరో లెక్కకి వస్తారని మేమంతా వీధి చివరికే చూస్తూ కూర్చున్నాం. ఈలోగా కాలం పెరటి దారిన వచ్చి, ఎవరికీ నంబరు వెయ్యకుండా మనుషుల్ని తీసుకుపోయి, చెట్లని వదిలేసి వెళ్ళింది.